నలుపు తీసుకున్న నీళ్ళు

నన్ను ఊరంతా కంపుబాబు అనేవారు. మా అమ్మా నాన్నా పెట్టిన త్రినాధరావు అనే పేరు మిల్లు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు. కోపం రాలేదా అంటే, రాకేం? వచ్చేది. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ బతికినన్నాళ్ళూ అంటూనే ఉంది. ముక్కుతో ఉద్యోగం చేసేవాడికి కోపం ఇంకెక్కడ ఉంటుంది లెండి.

పందొమ్మిది వందల నలభై నాలుగు నాటి మాట. శారదా నది ఒడ్డున, అనకాపల్లికి కూతవేటు దూరంలో నేను పనిచేసిన ఒక చిన్న పంచదార మిల్లు ఉండేది. ఇప్పుడు దాని గోడ కూడా మిగల్లేదు. ఊరంతా బెల్లం వండే చోట పంచదార చెయ్యడమే ఒక వింత. చెరకు రసం తెల్లగా తేరాలంటే గంధకం కాల్చి ఆ పొగ పట్టించాలి. "మాకు బెండకాడల జిగురు, గరిటెడు సున్నం సాలు. మీకు గంధకవేటి బాబూ, ఇదేటైనా మందుగుండు సామానా?" అని నవ్వేవాడు సత్తియ్య. కశింకోటలో నలభై ఏళ్ళు బెల్లం పెనం దగ్గర నిలబడి, కళ్ళు మందగించాక మా మిల్లులో సున్నం కలిపే పనికి వచ్చిన ముసలాయన. నాకు సహాయకుడని కాగితం మీద రాశారు గానీ, ఎవరికి ఎవరు సహాయకులో మా ఇద్దరికీ తెలుసు.

ఆ గంధకమే నా ఉద్యోగానికి మూలం. మిల్లు కడిగిన నీళ్ళు వెనకవైపు మూడు చెరువుల్లోకి వెళ్ళేవి. అక్కడ మడ్డి అడుక్కి దిగి, నీళ్ళు తేరుకుని గెడ్డలోకి, అంటే పక్కనున్న వాగులోకి, పోవాలి. మొదటి చెరువు వెచ్చగా పొగలు కక్కేది. రెండోదాని మీద పసుప్పచ్చ మీగడ కట్టేది. మూడోది చప్పుడు చెయ్యకుండా పడుకుని ఉండేది. గాలి తగలని దాని అడుగు బురదలో కంటికి కనబడని జీవాలు పంచదార తీపి తిని, ఊపిరికి బదులు గంధకాన్ని వాడుకుని, కుళ్ళిన కోడిగుడ్డు కంపు వదిలేవి. ఆ కంపుని అణచడం నా పని.

పుష్యమాసంలో పొద్దున్నే గట్టు మీద నిలబడితే, మంచులో నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశమెక్కడ మొదలైందో తెలిసేది కాదు. ఒక బుడగ పైకి తేలి, కాసేపు ఆలోచించి, నోరు తెరిచి మూసుకునేది. కాసేపటికి కంపు తెలియడం మానేస్తుంది. అది పోయి కాదు, ముక్కు అలిసిపోయి. అప్పుడు తల తేలికై, కాళ్ళ కింద గట్టే నడిచిపోతున్నట్టు ఉండేది. గానుగ ఆడే ఆ నాలుగు నెలలూ తమకు కలలు ఎక్కువని గెడ్డపేట వాళ్ళు చెప్పుకునేవారు. ఎప్పుడో చచ్చిపోయిన ఎడ్లు వచ్చి, కట్టెయ్యమని గాటి దగ్గర నిలబడేవట. నాకూ వచ్చేవి. మా అమ్మ వచ్చి, నా చొక్కా వాసన చూసి వెళ్ళిపోయేది.

మూడో చెరువు గట్టు దిగితే గెడ్డపేట. పాతిక ఇళ్ళుంటాయి. మొదటి ఇల్లు ఎరుకమ్మది. ఆమె ఒక్కగానొక్క కొడుకు పైడిరాజు పట్టాళంలో లారీ తోలడానికి వెళ్ళి, బర్మా సరిహద్దు కొండల్లో ఎక్కడో ఉన్నాడు. కోడలు గంగాభవాని మా చెరువుల మీద పొడుగాటి కర్రతో తెట్టు లాగే పని చేసేది. పంతొమ్మిదేళ్ళుంటాయి. పైడిరాజు ఉత్తరాలు నేనే చదివిపెట్టేవాణ్ణి. దసరాకి వచ్చిందే ఆఖరి ఉత్తరం.

మాఘమాసంలో ఒక మంగళవారం పొద్దున్న ఎరుకమ్మ కోడల్ని చెయ్యి పట్టుకుని గట్టు మీదకి లాక్కొచ్చింది.

"సూడు బాబూ. దీని కాళ్ళు సూడు."

చూశాను. కాలి వేళ్ళకున్న వెండి మట్టెలు మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. పేటలో ఆడవాళ్ళందరివీ కంచు మట్టెలే. కంచు ఎప్పుడూ నల్లగానే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. వెండివి గంగాభవానికొక్కదానికే. పైడిరాజు సెలవు మీద వచ్చినప్పుడు విశాఖపట్నంలో కొని తెచ్చి, తన చేత్తో తొడిగాడట.

"మట్టె నల్లబడితే మొగుడికి గండం. మా అత్త సెప్పేది," అంది ఎరుకమ్మ. "సింతపండెట్టి తోమించేను. మళ్ళీ మంగళారం సూత్తాను, ఆపై మంగళారం సూత్తాను. మూడోపాలీ నల్లబడితే నా కొడుకు ఇంక బతికి నేడు. కొత్తమాస పండక్కి ముందే మట్టెలు తీయించేత్తాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ మొహం! అది నా చెరువు పని. ఈ కంపు వెండికి తగిలితే వెండి నల్లబడుతుంది. దానికీ నీ కొడుక్కీ ఏమిటి సంబంధం?"

"కంపుకి రంగుంటాదేటి బాబూ?" అంది ఎరుకమ్మ, జాలిగా నన్ను చూసి. చదువుకున్నవాడు ఇలా అయిపోయాడేమిటా అన్న జాలి అది.

గంగాభవాని వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి, "నిజవేనా బాబూ? మీ సెరువేనా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. ఆ పిల్ల మొహంలో కాస్త వెలుగు వచ్చింది. ఆ వెలుగుకి నేను పూచీ పడ్డానని నాకప్పుడు తోచలేదు.

రెండో మంగళవారమూ మట్టెలు నల్లబడ్డాయి. ఇంక నేను పంతం పట్టాను. సున్నం పెంచితే నీరు క్షారమవుతుంది, క్షారమైతే ఆ కంపుగాలి నీళ్ళలోనే కట్టుబడి ఉంటుంది. ఇది పుస్తకం మాట. ఎంత సున్నమో కొలిచే సామాను యుద్ధం మూలంగా మద్రాసు నుంచి రావడం లేదు. సత్తియ్య నవ్వి, పసుపులో తడిపి ఆరేసిన గుడ్డపేలిక ఒకటి కర్రకి కట్టి నీళ్ళలో ముంచాడు. "పసుపు పసుపుగానే ఉంటే సున్నం సాలనట్టు. పారాణిలా ఎర్రబడితే సరిపోయినట్టు. మా పెనం కాడ ఇదే లెక్క బాబూ." మూడు రోజులు పోశాం. నాలుగో రోజు పొద్దున్న, తెల్లటి మంచులోంచి సత్తియ్య కర్ర పైకెత్తితే దాని కొసన గుడ్డ ఎర్రగా వేలాడింది. పెళ్ళికూతురి పాదమంత ఎరుపు. గాలి శుభ్రంగా ఉంది. చెరువు మీంచి ఎన్నడూ లేనిది చెరకు పూల వాసన వచ్చింది.

నేను పేటంతా తిరిగి చెప్పాను, కంపుని చంపేశానని. అదీ నేను చేసిన వెధవపని. సున్నం కంపుని చంపదు, కట్టేస్తుంది అంతే. ఆ సంగతి పరీక్షలో రాసి పాసైనవాణ్ణి నేను. గొప్పలు చెప్పుకోవడంలో పడి మరిచిపోయాను. సోమవారం మిల్లు ఆపి పెనాలు యాసిడ్‌తో కడిగారు. ప్రతి ఏడూ కడుగుతారు. ఆ నీళ్ళు విడిగా ఆపమని చెప్పవలసినవాణ్ణి నేనే, చెప్పలేదు. పుల్లటి నీళ్ళు వచ్చి సున్నాన్ని విరిచేశాయి. నాలుగు రోజులుగా కట్టుబడిన గాలంతా ఒక్కసారి లేచింది. మంగళవారం తెల్లారేసరికి పేటలో పిల్లలు వాంతులు చేసుకుంటున్నారు. గంగాభవాని మట్టెలు బొగ్గు ముక్కల్లా ఉన్నాయి.

అది మూడో మంగళవారం.

గురువారం మట్టెలు తీసేద్దామని పెద్దలు నిశ్చయించారట. బతికున్నాడో లేదో తెలియని మనిషికి కర్మ చేసేస్తారు! ఆ పిల్ల గాజులు పగలగొడతారు! అదీ నా యాసిడ్ నీళ్ళ వల్ల! ఆ సాయంత్రమే పెట్టె తెరిచి మా అమ్మ కుంకుమ భరిణె తీశాను. తెల్లటి వెండిది. దాన్ని తాడు కట్టి మూడో చెరువు మధ్య గుంజకి వేలాడదీసి వచ్చాను. పొద్దున్నే నల్లబడిన భరిణె పట్టుకుని ఎరుకమ్మ గుమ్మంలో నిలబడ్డాను.

"ఇది మా అమ్మది. మా అమ్మ పోయి ఎనిమిదేళ్ళు, మా నాన్న పోయి ఆరేళ్ళు. నాకింకా పెళ్ళి కాలేదు. మరి ఇది రాత్రి నల్లబడింది. ఎవులు సచ్చేరని? సెప్పు ఎరుకమ్మా, ఎవులు సచ్చేరని?" కోపం వస్తే నాకూ ఆ పేట మాటే వచ్చేసేది.

ఎరుకమ్మ భరిణె అందుకుని, పమిట చెంగుతో తుడిచింది. నలుపు పోలేదు. "మంచి భరిణె. పాడుసేసుకున్నావు," అంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచుంది. తర్వాత, నన్ను చూడకుండా, మెల్లగా అంది: "నల్లబడితే ఏడవొచ్చు బాబూ. ఇలాగ ఏటీ తెలీకుండా ఉంటే ఎలాగేడవను? అయిదు నెల్లయి నా గుండెలో నీళ్ళు అలాగే నిలబడిపోయినాయి."

నా కోపం ఎటు పోయిందో. "ఒక్క వారం ఆగు," అన్నాను. "నా చెరువు బాగుచేసి చూపిస్తాను. అప్పుడు కూడా నల్లబడితే నీ ఇష్టం."

"వారవే," అంది.

ఏం చెయ్యాలో నాకు తోచలేదు. గట్టు మీద కూచుని మూడో చెరువుని చూస్తూ ఉండిపోయాను. మంచు దిగుతోంది. నిద్రో మెలకువో తెలియని ఆ స్థితిలో చిన్ననాటి బడి కనబడింది. పంతులుగారు కరక్కాయ కషాయంలో అన్నభేది వేసి సిరా చేస్తున్నారు. వేసీ వెయ్యగానే నలుపు. అన్నభేది అంటే ఇనుమే కదా! ఇనుముకి గంధకం కూడా అంతే, కనబడితే పట్టుకుని నల్లబడిపోతుంది. వెండికి పట్టే నలుపుని నీళ్ళలోనే ఇనుముకి పట్టిస్తే? అది బరువెక్కి అడుక్కి దిగుతుంది, గాలిలోకి లేవడానికి ఏమీ మిగలదు. నేను లేచి, "సత్తియ్యా!" అని పెట్టిన కేకకి చెరువు అవతల కొంగలు లేచిపోయాయి.

బస్తాల కొద్దీ అన్నభేది యుద్ధం రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది? మేమే చేసుకున్నాం. లేతు మిషను కింద రాలిన ఇనుప రజను, పెనాలు కడగ్గా మిగిలిన యాసిడ్, ఒక పెద్ద చెక్క తొట్టి. నా కొంప ముంచిన యాసిడే ఇప్పుడు పనికొచ్చింది. తొట్టి రెండు రోజులు బుసబుసలాడి, లేత ఆకుపచ్చ నీళ్ళిచ్చింది. ముందు సత్తియ్య గుడ్డ ఎర్రబడేదాకా సున్నం పోశాం. ఆ తర్వాత తొట్టికి కుళాయి టాపు బిగించి, వెదురు బొంగుతో ఆ పచ్చనీళ్ళు సన్నటి ధారగా మూడో చెరువులోకి వదిలాను.

చెరువు మా కళ్ళ ముందే నల్లబడింది. ధార పడిన చోట మొదలై, చాప పరిచినట్టు అవతలి గట్టు దాకా పాకింది. బుడగలు ఆగిపోయాయి. గంగాభవాని తెట్టుకర్ర చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడింది. "నా కాళ్ళ నలుపంతా నీళ్ళు తీసుకున్నాయి బాబూ," అంది. రసాయన శాస్త్రంలో ఇంతకన్నా సరిగ్గా నేను చెప్పలేను.

నాలుగో మంగళవారం మట్టెలు తెల్లగా మెరిశాయి. ఆపై మంగళవారమూ అంతే. ఉగాది ముందు రోజు వచ్చే కొత్త అమావాస్యకి నూకాలమ్మ గుడి దగ్గర అత్తాకోడళ్ళు నాకు కనబడ్డారు. గంగాభవాని పసుపు రాసుకున్న కాళ్ళతో, జనంలో మట్టెలు చప్పుడు చేసుకుంటూ నడిచింది. ఎరుకమ్మ నా చేతిలో ప్రసాదం పెట్టి, "మా కంపుబాబు" అని పక్కావిడతో గొప్పగా చెప్పింది.

చైత్రమాసంలో తంతి వచ్చింది.

ఎరుకమ్మ దాన్ని మడిచి రవికలో పెట్టుకుని మిల్లుకి తెచ్చింది. కోడలు వెనకే ఉంది. ఇంగ్లీషులో రెండే రెండు వరుసలు. పైడిరాజు లారీతో సహా లోయలో పడి చనిపోయాడు, మార్చి ఇరవయ్యో తారీకున. నేను లెక్క చూసుకున్నాను. నూకాలమ్మ పండక్కి నాలుగు రోజుల ముందు. ఆ రోజు మట్టెలు తళతళలాడుతున్నాయి. తెలుగులో చదివి చెప్పాను. గంగాభవాని గోడకి జారబడి కూచుండిపోయింది.

ఎరుకమ్మ మాత్రం వంగి కోడలి కాళ్ళకేసి చూసింది. చూసి, నవ్వింది.

"తప్పు బాబూ. ఎవుడో ఇంకో పైడిరాజు. మట్టెలు సూడు, ఎంత తెల్లగున్నాయో!"

"ఎరుకమ్మా, ఆ మట్టెలకి ఏమీ తెలీదు. నేను చెప్పాను కదా, అదంతా చెరువు..."

"సెప్పేవు. నల్లబడింది నీ సెరువు వల్లే, ఒప్పుకున్నాను. ఇప్పుడు నీ సెరువు బాగయింది కదా? ఇంక యెండి నిజవే సెప్తాది," అంది.

బి.ఎస్సీ. చదువూ, కోపమూ, రెండూ పనికి రాలేదు.

ఆమె ఏడవలేదు. కోడల్ని ఏడవనివ్వలేదు. "మొగుడుండగా ఏడుత్తావేటే, అచ్చిరాదు," అని కసిరేది. రోజూ పైడిరాజుకి ఒక కంచం వేసేది. వీధిలో కనబడినవాళ్ళనల్లా పిలిచి కోడలి కాళ్ళు చూపించేది. మొదట జనం అయ్యో అన్నారు, తర్వాత తప్పుకుని పోవడం మొదలెట్టారు. తొమ్మిది రోజుల్లో మనిషి సగమైపోయింది. నవ్వు మాత్రం అలాగే ఉంది, తెల్లగా.

పదో రోజు పొద్దున్న గంగాభవాని గట్టు మీదకి వచ్చింది. ఎండలకి మంచు పోయి, నల్లటి నీళ్ళ మీద ఆకాశం మాత్రం ఉంది. ఆమె తొట్టి పక్కన నిలబడి, పచ్చనీళ్ళ ధారకేసి చూసింది.

"బాబూ. ఇది నాలుగ్రోజులు ఒగ్గేయి."

"ఏమిటీ?"

"ఆపేయి. సున్నవూ ఆపేయి. కంపు రానీ."

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. "మతి పోయిందా నీకు? మళ్ళీ ఆ నలుపేనా? నీ మట్టెలు తీయించేస్తారని కదా నేనింత..."

"తీసేయాలి కదా బాబూ," అంది మెల్లగా. "ఆడు నేడు కదా. నాకు కాయితం సాలు. మా అత్తకి సాలదు. యెండి సెప్తేనే ఇంటాది. సెప్పనీ." కళ్ళు తుడుచుకుంది. "నాకూ ఏడవాలనుంది బాబూ. మా అత్త ఏడిత్తే గానీ నాకు దారి నేదు."

సత్తియ్య అన్నీ విన్నాడు. పసుపు గుడ్డ కట్టిన కర్ర తీసి, షెడ్డు గోడకి ఆనించాడు. నేను చాలాసేపు టాపు మీద చెయ్యి వేసుకుని ఉన్నాను. ఆ నలుపుకి అర్థం లేదని ఊరందరి మీదా అరిచినవాణ్ణి నేను. ఇప్పుడు దానికి అర్థం ఇవ్వమని అడుగుతోంది ఈ పిల్ల. టాపు కట్టేశాను.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు నీళ్ళ నలుపు విరిగి బూడిద రంగైంది. మూడో రోజు ఒక బుడగ పైకి తేలి, కాసేపు ఆలోచించి, నోరు తెరిచింది. ఆ తర్వాత అవి ఆగలేదు. మేనేజరు ముక్కుకి రుమాలు కట్టుకుని వచ్చి ఏమైందని అరిచాడు. టాపు పాడైందని అబద్ధం చెప్పాను. ఆ మూడు తెల్లవారుజాములూ నేను గట్టు దిగలేదు. తల తేలికై, ముక్కు అలిసిపోయి, నిలబడి నిలబడి కన్ను మూతపడితే పైడిరాజు కనబడేవాడు. నేను ఎన్నడూ చూడని మనిషి, లారీ దిగి, దారి అడుగుతున్నట్టు నన్ను చూసేవాడు.

నాలుగో రోజు మంగళవారం. ఇంకా బాగా తెల్లారలేదు. ఎరుకమ్మ ఇంట్లో దీపం వెలిగింది. తర్వాత ఒక కేక లేచింది. ముసలి గొంతు. "ఓలమ్మో... నా కొడకో... నా పైడిరాజో..." అయిదారు నెలలు నిలబడిన నీళ్ళు గట్టు తెంచుకున్నాయి. దాని వెనకే ఇంకో గొంతు, పడుచుది, అన్నాళ్ళూ దాచుకున్నది. పేటంతా దీపాలు వెలిగాయి. నేను తొట్టి దగ్గర నిలబడి వాళ్ళతో పాటు ఏడ్చాను. సత్తియ్య నా భుజం మీద సున్నం చెయ్యి వేశాడు.

పొద్దెక్కాక సున్నం పోసి, టాపు తిప్పాను. పచ్చనీళ్ళ ధార మళ్ళీ పడింది, చెరువు మళ్ళీ నల్లబడింది. పన్నెండు రోజులు పోయాక గంగాభవాని పనిలోకి వచ్చింది. కాలివేళ్ళ మీద మట్టెలున్న చోట చర్మం తెల్లగా, చారలు కట్టి ఉంది. కర్ర తీసుకుని తెట్టు లాగడం మొదలెట్టింది.

ఆ వేళ గట్టు మీంచి పోతున్న ఎవడో, "ఏటి కంపుబాబూ, మొన్న ఊరంతటినీ సంపేసేవు కదా!" అని నవ్వాడు. నాకు కోపం రాలేదు.